దర్శకురాలిగా ఐడా లుపినో: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హాలీవుడ్ నటి ఐడా లుపినో 1949 నుంచి 1966 దాకా ఏడు సినిమాలకు దర్శకత్వం వహించింది. వాటిలో ఒకదానికి తెర మీద ఆమె పేరు పడలేదు. ఆమె గురించి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా ఉన్నందున ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం.

ప్రశ్న: హాలీవుడ్‌లో మొట్టమొదటి మహిళా దర్శకురాలు ఐడా లుపినోయే అని ఒక వీడియోలో చెప్పారు. ఆమెది అసలు ఇంగ్లండ్ అని కూడా విన్నాను. ఏది నిజం? (గుంటూరు)

మొదటిది తప్పు, రెండోది నిజం. మూకీల కాలంలోనే లోయిస్ వెబర్ ఉంది. ఆవిడా నటిగా మొదలుపెట్టి దర్శకురాలైంది, 1916 నాటికే యూనివర్సల్‌లో పెద్ద పేరు. ఆ తర్వాత డొరొతీ ఆర్జ్‌నర్ వచ్చి 1943 వరకు సినిమాలు తీసింది. ఆర్జ్‌నర్ తప్పుకున్నాక హాలీవుడ్‌లో వరసగా సినిమాలు తీస్తున్న ఆడమనిషి దాదాపు లేని రోజుల్లో లుపినో ఆ పని చేపట్టింది. దర్శకుల సంఘం డైరెక్టర్స్ గిల్డ్‌లో ఆర్జ్‌నర్ తర్వాత సభ్యత్వం పొందిన రెండో మహిళ ఆమే. ‘మొట్టమొదటి’ అన్నమాట అంటగట్టకపోయినా ఆమె గొప్పతనం తగ్గదు.

పుట్టింది లండన్‌లో, 1918 ఫిబ్రవరి 4న. తండ్రి స్టాన్లీ లుపినో పేరున్న హాస్యనటుడు, తల్లి కోనీ ఎమరాల్డ్ రంగస్థల నటి. తరతరాలుగా నాటకాల కుటుంబం. పదిహేనేళ్ల వయసులో, 1933లో, పారమౌంట్ సంస్థ పిలుపు మీద అమెరికా వచ్చింది. 1948లో అమెరికా పౌరసత్వం తీసుకుంది. దర్శకురాలిగా ఆమె చేసిన పనంతా ఆ తర్వాతిదే కాబట్టి, అమెరికన్ దర్శకురాలు అనడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: దర్శకత్వం ఎవరి దగ్గర నేర్చుకుంది? ఎక్కడైనా అసిస్టెంటుగా చేసిందా? (విజయనగరం)

అసిస్టెంటుగా చేయలేదు. జీతం ఆగిపోయిన రోజుల్లో నేర్చుకుంది.

ఆ రోజుల్లో స్టూడియోలు నటులతో ఏడేళ్ల ఒప్పందాలు రాయించుకునేవి. ఇచ్చిన పాత్ర వద్దంటే సస్పెన్షనే. సస్పెన్షన్ నడిచినన్నాళ్లూ జీతం రాదు, బయట వేరే సినిమాలో వేషం వేయకూడదు. పైగా ఆ ఆగిన రోజులన్నీ లెక్కగట్టి ఒప్పందం చివర కలిపేవారు. ఈ కలపడం చెల్లదని ఒలీవియా డి హావిలాండ్ వేసిన కేసులో 1944లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటిదాకా ఏడేళ్ల ఒప్పందం ఎప్పటికి తీరుతుందో చెప్పగలిగినవాళ్లు లేరు.

లుపినో 1940లో వార్నర్ బ్రదర్స్‌లో చేరింది. ‘హై సియెర్రా’ (1941)లో ఆమె పేరు హంఫ్రీ బోగార్ట్ పేరు కంటే ముందు పడింది. ‘ది హార్డ్ వే’ (1943)కి న్యూయార్క్ సినీ విమర్శకుల ఉత్తమ నటి అవార్డు వచ్చింది. అయినా మంచి పాత్రలు ముందు బెట్టీ డేవిస్‌కి వెళ్లేవి, ఆమె కాదన్నవి ఈమె దగ్గరికొచ్చేవి. నచ్చనివి లుపినో తిప్పి పంపేది. ‘కింగ్స్ రో’లో పాత్ర వద్దన్నందుకు సస్పెన్షన్ పడింది. అలాంటి ఖాళీలో ఇంట్లో కూర్చోకుండా సెట్ల మీదికీ ఎడిటింగ్ గదులకూ వెళ్లి, కెమెరామన్లూ ఎడిటర్లూ ఏం చేస్తున్నారో గమనించింది.

ఈ నేర్చుకోవడంలో ఎడిటింగ్ గదికి ఉన్న విలువ కొత్తవాళ్లకు తొందరగా తట్టదు. సెట్‌లో నిలబడితే షాట్ ఎలా తీస్తారో తెలుస్తుంది. ఎడిటర్ పక్కన కూర్చుంటే ఏ షాట్ తీయకపోయినా నడిచిపోయేదో తెలుస్తుంది. తర్వాత ఆమె తక్కువ డబ్బుతో సినిమాలు తీయగలిగిందంటే, ఈ రెండో తెలివి అక్కరకొచ్చిందనే మా అభిప్రాయం.

ప్రశ్న: దర్శకుడికి గుండెపోటు వస్తే ఆ కుర్చీలో ఈవిడ కూర్చుందట. అంటే అదృష్టం కలిసొచ్చిందన్నమాటే కదా? (నిజామాబాద్)

గుండెపోటు నిజం. అదృష్టం అన్నదాన్ని మాత్రం ఒప్పుకోలేం.

1947లో వార్నర్ ఒప్పందం ముగిశాక లుపినో మళ్లీ దీర్ఘ ఒప్పందానికి సంతకం పెట్టలేదు. 1948లో కొలియర్ యంగ్‌ను పెళ్లి చేసుకుంది. తల్లి పేరు మీద ఎమరాల్డ్ ప్రొడక్షన్స్ అనే చిన్న కంపెనీలో భాగస్వామి అయింది. పెళ్లికాకుండా తల్లయిన అమ్మాయి కథ ‘నాట్ వాంటెడ్’ (1949) వాళ్ల తొలి ప్రయత్నం. స్క్రిప్టు రచనలో ఆమె చెయ్యి ఉంది, నిర్మాణంలో వాటా ఉంది. దర్శకుడు ఎల్మర్ క్లిఫ్టన్ మూకీల కాలం నుంచి ఉన్న పెద్దాయన. షూటింగ్ మొదలైన మూడు రోజులకే ఆయనకు గుండెపోటు వచ్చింది.

ఇప్పుడు నిర్మాత వైపు నుంచి చూడండి. యూనిట్ కుదిరింది, నటుల కాల్షీట్లు నడుస్తున్నాయి, ఆగిన ప్రతి రోజూ డబ్బు పోతుంది. కొత్త దర్శకుణ్ని తెస్తే ఆయన స్క్రిప్టు చదివి, లొకేషన్లు చూసి, నటుల్ని అర్థం చేసుకునేసరికి వారం తిరిగిపోతుంది. చిన్న బడ్జెట్ ఆ వారాన్ని భరించలేదు. స్క్రిప్టులో ప్రతి సీనూ నోటికొచ్చిన మనిషి అక్కడ ఒక్కరే ఉంది. పని ఆమె చేసింది, టైటిల్స్‌లో పేరు క్లిఫ్టన్‌దే ఉంచింది. అప్పటికి ఆమె గిల్డ్ సభ్యురాలు కూడా కాదు.

కాబట్టి గుండెపోటు తేదీ మాత్రమే నిర్ణయించింది. దర్శకత్వం చేయగల స్థితికి ఆమె అంతకు ముందే వచ్చి ఉంది. వెంటనే తర్వాతి సినిమా ‘నెవర్ ఫియర్’కు తన పేరే వేసుకుంది. పోలియో వచ్చిన ఒక నృత్యకళాకారిణి కథ అది. లుపినోకు కూడా 1934లో పోలియో సోకి తగ్గింది. శాంటా మోనికాలోని కబాట్-కైజర్ చికిత్సాలయంలో, అక్కడి అసలు రోగులతోనే చాలా సన్నివేశాలు తీసింది. చక్రాల కుర్చీల్లో కూర్చుని జంటలు నాట్యం చేసే సన్నివేశం చూడండి. ఎక్కడా జాలి పుట్టించే సంగీతం, కన్నీళ్ల క్లోజప్పులు పెట్టి బరువెక్కించలేదు. ఆ సినిమాకు డబ్బులు రాలేదు, కానీ ఆమె చూపు ఎలాంటిదో తెలియాలంటే ఆ ఒక్క సన్నివేశం చాలు.

ప్రశ్న: మేం నలుగురం మిత్రులం కలిసి ఒక కారు, ముగ్గురు నటులతో థ్రిల్లర్ షార్ట్‌ఫిల్మ్ తీయబోతున్నాం. ‘ది హిచ్ హైకర్’ చూడమని మా లెక్చరర్ చెప్పారు. అందులో ఏం గమనించాలి? (హైదరాబాద్)

మీ లెక్చరర్ సరైన సినిమా చెప్పారు. 1953 మార్చిలో వచ్చింది, నిడివి 71 నిమిషాలు. చేపలు పట్టడానికి బయల్దేరిన ఇద్దరు మిత్రులు దారిలో లిఫ్ట్ అడిగిన ఒకణ్ని కారెక్కించుకుంటారు. వాడు హంతకుడు. తుపాకీ చూపించి మెక్సికోలోకి పోనివ్వమంటాడు. కథంతా ఇంతే. ఎడ్మండ్ ఓ’బ్రయన్, ఫ్రాంక్ లవ్‌జాయ్ మిత్రులు, విలియమ్ టాల్మన్ హంతకుడు.

ముందు హంతకుడి ప్రవేశం చూడండి. మొదటి హత్యల్లో వాడి ముఖం చూపించరు. కాళ్లు, నీడ, ఆగిన కారు, అంతే. ఈ మిత్రుల కారెక్కాక కూడా వెనక సీటు చీకట్లోనే ఉంటాడు. తుపాకీ బయటపడ్డాకే ముఖం చీకట్లోంచి వెలుగులోకి వస్తుంది. ఇందులో ఖర్చు తగ్గడం కూడా ఉంది. హత్యలు పూర్తిగా చూపించాలంటే అదనపు నటులు, అదనపు రాత్రులు కావాలి. కాళ్లకు ఒక్క జత బూట్లు చాలు.

రెండోది కన్ను. హంతకుడి కుడి రెప్ప మూతపడదు. నిద్రపోయినా తెరిచే ఉంటుంది. కాబట్టి రాత్రి వాడు పడుకున్నాడో చూస్తున్నాడో బందీలకు తెలియదు. ‘ఇద్దరున్నారు కదా, వాడు నిద్రపోగానే పారిపోవచ్చుగా’ అని ప్రేక్షకుడికి రావలసిన సందేహాన్ని ఒక్క దెబ్బతో కొట్టేశారు. ఇలాంటి కథల్లో ఎక్కువ స్క్రిప్టులు తన్నేది ఇక్కడే: బందీలు ఎందుకు పారిపోరు అన్నదానికి సమాధానం ఉండదు. మీ స్క్రిప్టులో ఆ సమాధానం మొదటి పది పేజీల్లో ఉందో లేదో ముందు చూసుకోండి. రాయి పడితే పగిలే ఫోను, దొరకని సిగ్నలు లాంటివి సరిపోవు. పాత్ర శరీరంలోనో స్వభావంలోనో ఉండాలి.

మూడోది చోటు. కారులో తీసిన షాట్లు ఇరుకుగా ఉంటాయి. ఒకే ఫ్రేములో ముగ్గురి ముఖాలు, మధ్యలో తుపాకీ. బయటికి రాగానే ఎత్తు నుంచి తీసిన విశాలమైన ఎడారి. ఇరుకు, విశాలం, మళ్లీ ఇరుకు. పారిపోవడానికి ఇంత చోటున్నా దాక్కోవడానికి చెట్టంత ఆసరా కూడా లేదని మాట అవసరం లేకుండా అర్థమవుతుంది. ఈ మెక్సికో ఎడారిగా చూపించినది కాలిఫోర్నియాలోని లోన్ పైన్ దగ్గరి అలబామా హిల్స్. లాస్ ఏంజెలెస్ నుంచి మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు. ఛాయాగ్రాహకుడు నికొలస్ ముసురాకా. చీకటిని వాడుకోవడంలో ఆరితేరినవాడు. ‘క్యాట్ పీపుల్’, ‘అవుట్ ఆఫ్ ద పాస్ట్’ ఆయనవే. అలాంటి చేతికి మండుటెండలో ఎడారి ఇవ్వడం మంచి ఆలోచన. ఎండలోనూ ఆయన భయం పుట్టించాడు.

నాలుగోది రేడియో. పోలీసులు ఎంత దూరంలో ఉన్నారో కారు రేడియో చెబుతుంది. దాంతో ఎన్నో పోలీసు సన్నివేశాలు తీయాల్సిన అవసరం లేకపోయింది. మెక్సికోలో స్థానికులు మాట్లాడే స్పానిష్‌కు చాలాచోట్ల అనువాదం ఉండదు. హంతకుడికి ఆ భాష రాదు, అందుకే వాడికి అనుమానం పెరుగుతుంది. భాష రాని ప్రేక్షకుడూ ఆ అనుమానంలో పాలుపంచుకుంటాడు. తెలుగు, ఒడియా సరిహద్దు ఊళ్లలో తీసేవాళ్లకు ఇది అందుబాటులో ఉన్న పనిముట్టు.

చివరగా ఒక పని చెబుతాం. ఈ సినిమాలో రోజులు గడిచేకొద్దీ గడ్డాలు పెరుగుతాయి, చొక్కాలు మాసిపోతాయి. మీరు సీన్లు వరసలో తీయకపోతే ఇక్కడే దొరికిపోతారు. సీను నంబరు, కథలో ఎన్నో రోజు, గడ్డం ఎంత, చొక్కా మీద దుమ్ము ఎక్కడ, ఏ గుండీ ఊడింది, కారు అద్దం మీద మరక ఎటువైపు అని ఒక పట్టిక రాసుకుని, ప్రతి షాట్ అయ్యాక ఫోటో తీసిపెట్టుకోండి. ఎడిటింగ్‌లో ఏ సీనునైనా ముందుకో వెనక్కో జరపాలనుకున్నప్పుడు ఆ ఫోటోలే దారి చూపిస్తాయి.

ప్రశ్న: ‘ది హిచ్ హైకర్’ నిజంగా జరిగిన కథేనా? (ఏలూరు)

మూలం నిజం. 1950 చివర, 1951 మొదట్లో బిల్లీ కుక్ అనేవాడు ఆరుగుర్ని చంపి, ఇద్దరిని బందీలుగా పట్టుకుని మెక్సికోకు పారిపోయి అక్కడ దొరికాడు. వాడి కుడి రెప్పకు నిజంగానే లోపం ఉంది. లుపినో శాన్ క్వెంటిన్ జైలుకు వెళ్లి, కాపలా మధ్య వాణ్ని కలిసి వచ్చింది. నిజజీవితంలో పేరుమోసిన నేరస్థుణ్ని తెర మీద చూపడానికి సెన్సారు నిబంధనలు ఒప్పుకోలేదు. దాంతో పేరు మార్చి, హత్యల సంఖ్య తగ్గించారు. 1952 డిసెంబరులో కుక్‌కు మరణశిక్ష అమలైంది.

ప్రశ్న: అంత కఠినమైన సెన్సారు ఉన్న రోజుల్లో అత్యాచారం మీద సినిమా ఎలా తీయనిచ్చారు? (వరంగల్)

మీరు అడిగేది ‘అవుట్‌రేజ్’ (1950) గురించి. అప్పట్లో సెన్సారు పని చూసే ప్రొడక్షన్ కోడ్ కార్యాలయం స్క్రిప్టు దశలోనే చదివి అభ్యంతరాలు రాసి పంపేది. వాళ్ల ముద్ర లేకపోతే పెద్ద హాళ్లు దొరకవు. అందుకే ఆ సినిమాలో ‘రేప్’ అన్న మాట ఒక్కసారి కూడా వినిపించదు. ‘క్రిమినల్ అసాల్ట్’ అంటారు.

మాట తీసేశారు, లుపినో దాని బరువంతా శబ్దం మీదికి మార్చింది. ఆఫీసులో పొద్దుపోయేదాకా పని చేసి వస్తున్న అమ్మాయి (మాలా పవర్స్) వెంట ఒకడు పడతాడు. గోదాములు, ఖాళీ సందులు. సంగీతం లేదు. అడుగుల చప్పుడు, వాడి ఈల, అంతే. సాయం కోసం ఆగి ఉన్న లారీ హారన్ నొక్కుతుంది. అది మోగుతూనే ఉంటుంది. కెమెరా పైకి లేచేసరికి పైన ఒక మనిషి కిటికీ మూసేసుకుంటాడు. నేరం మనకు కనిపించదు. కిటికీ మూసుకోవడం కనిపిస్తుంది.

రెండో సగం అంత గట్టిగా లేదు. ఆ అమ్మాయి ఊరొదిలి పారిపోయి ఒక పాస్టరు నీడన కుదుటపడటం, అతని ఉపన్యాసాలు కాస్త సాగాయి. అయితే ఊళ్లోవాళ్లు చూసే చూపులు, ఆఫీసులో పక్కవాడు కాయితాల మీద వేసే స్టాంపు చప్పుడుకే ఆమె చెదిరిపోవడం లాంటివి ఈనాటికీ కొత్తగా ఉన్నాయి. 2020లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన చిత్రాల జాతీయ జాబితాలో దీన్ని చేర్చింది. ‘ది హిచ్ హైకర్’ అందులోకి 1998లోనే వెళ్లింది.

ప్రశ్న: యూనిట్ అంతా మగవాళ్లే కదా, ఆమె మాట వినేవారా? (మచిలీపట్నం)

వినేవారు. ఆమె పద్ధతి వేరు. సెట్‌లో అందరూ ఆమెను ‘మదర్’ అని పిలిచేవారు. కుర్చీ వెనక కూడా ‘మదర్ ఆఫ్ అస్ ఆల్’ అని రాసి ఉండేది. ఆజ్ఞాపించడం కంటే, నాకో చిక్కొచ్చింది, ఇది ఇలా చేస్తే బాగుంటుందేమో చేయగలరా అని అడగడం ఆమె అలవాటు. షాట్లు ముందే ఆలోచించి పెట్టుకుని వచ్చేది కాబట్టి అడిగే తీరు మెత్తనైనా అడిగేది ఏమిటో స్పష్టంగా ఉండేది. ఇదొక లొంగుబాటని ఈనాటి పాఠకులకు అనిపించవచ్చు. మాకు మాత్రం అలా అనిపించదు. ఆ పిలుపు వెనక పని ఆగకుండా నడిచింది.

ప్రశ్న: మన భానుమతిగారితో ఆమెను పోల్చవచ్చా? (తెనాలి)

సంవత్సరం దగ్గరే పోలిక మొదలవుతుంది. భానుమతి స్వీయ దర్శకత్వంలో ద్విపాత్రాభినయం చేసిన ‘చండీరాణి’ 1953లో తెలుగు, తమిళం, హిందీ భాషల్లో వచ్చింది. లుపినో తన దర్శకత్వంలో తానే నటించిన ‘ది బిగమిస్ట్’ వచ్చిందీ 1953లోనే. భానుమతికి భర్త రామకృష్ణారావుతో కలిసి భరణీ సంస్థ ఉంది. లుపినోకు కొలియర్ యంగ్‌తో కలిసి ‘ది ఫిల్మేకర్స్’ సంస్థ ఉంది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరు నటీమణులూ సొంత కంపెనీ అనే ఒకే తలుపు తీసుకుని లోపలికొచ్చారు. బయటి నిర్మాత ఎవరూ వాళ్లను పిలిచి దర్శకత్వం ఇవ్వలేదు.

తేడా సినిమాల తీరులో ఉంది. ‘చండీరాణి’ రాజ్యం, కత్తి, పాటలు ఉన్న భారీ జానపదం. ‘ది బిగమిస్ట్’ 80 నిమిషాల ఇంటి కథ. ఫ్రీజర్లు అమ్మే ఒక సేల్స్‌మన్‌కు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక భార్య, లాస్ ఏంజెలెస్‌లో మరో భార్య. బిడ్డను దత్తత తీసుకోబోతే విచారణకొచ్చిన అధికారికి గుట్టు తెలుస్తుంది. ఇద్దరు పెళ్లాల కథంటే మనకు నవ్వులాటలే అలవాటు. ఇందులో నవ్వు లేదు. మొగుణ్ని దుర్మార్గుణ్ని చేయలేదు, ఆడవాళ్లిద్దర్నీ ఒకరి మీదికొకర్ని ఉసిగొల్పలేదు. చివర కోర్టులో గానీ వాళ్లిద్దరూ ఒకచోటికి రారు. అప్పుడూ మాటలు లేవు, చూపులే.

దీని తెరవెనక సంగతి కూడా చెప్పాలి. స్క్రీన్‌ప్లే రాసి నిర్మించిన కొలియర్ యంగ్ అప్పటికి లుపినోకు మాజీ భర్త. మొదటి భార్యగా నటించిన జోన్ ఫాంటేన్ అప్పటి భార్య. విడాకులు 1951లోనే అయినా కంపెనీ భాగస్వామ్యం కొనసాగింది.

ప్రశ్న: 1953 తర్వాత 1966 దాకా సినిమాలు ఎందుకు తీయలేదు? అవకాశాలు రాలేదా? (కాకినాడ)

కంపెనీ మూతపడింది. ‘అవుట్‌రేజ్’ నుంచి ‘ది హిచ్ హైకర్’ దాకా పంపిణీ ఆర్‌కేఓ సంస్థది. దాని అధిపతి హోవర్డ్ హ్యూస్. లాభంలో వాళ్ల వాటా పోతుంది, కానీ ప్రింట్లు, పబ్లిసిటీ, హాళ్లతో బేరాలు వాళ్లే చూసుకునేవారు. ‘ది బిగమిస్ట్’ను సొంతంగా విడుదల చేద్దామని భాగస్వాములు నిర్ణయించారు. లుపినోకు అది ఇష్టం లేదు.

చిన్న నిర్మాత పంపిణీలోకి దిగితే ఏమవుతుందో మన దగ్గర చేతులు కాల్చుకున్నవాళ్లకు బాగా తెలుసు. ప్రింట్లకూ ప్రకటనలకూ డబ్బు ముందు పోవాలి, హాళ్ల నుంచి వసూళ్లు నెలల తరబడి చుక్కలు చుక్కలుగా వస్తాయి. వరసగా సినిమాలిచ్చే సంస్థకైతే హాలువాడు బకాయి తీరుస్తాడు, తర్వాతి సినిమా కావాలి కాబట్టి. ఏడాదికో సినిమా తీసేవాడికి ఆ పట్టు ఉండదు. 1955 నాటికి ‘ది ఫిల్మేకర్స్’ కథ ముగిసింది.

అక్కడి నుంచి టెలివిజన్. ‘హావ్ గన్ విల్ ట్రావెల్’, ‘ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్’, ‘థ్రిల్లర్’, ‘ది అన్‌టచబుల్స్’, ‘ది ఫ్యూజిటివ్’, ‘బివిచ్డ్’... పదుల సంఖ్యలో ఎపిసోడ్లు. ‘ది ట్వైలైట్ జోన్’ మొదటి సిరీస్‌లో నటించి, దర్శకత్వం కూడా చేసిన ఒకే ఒక్క వ్యక్తి ఆమె. 1959లో ఒక ఎపిసోడ్‌లో నటించింది, 1964లో ‘ది మాస్క్స్’ తీసింది. చావు దగ్గరపడిన ఒక ధనవంతుడు ఆస్తి కోసం వచ్చిన బంధువులు అర్ధరాత్రి దాకా వికృతమైన మాస్కులు పెట్టుకోవాలని షరతు పెడతాడు. ఒకే ఇల్లు, ఐదారుగురు నటులు. ముఖాలు కనిపించకుండానే పాత్రల తేడా తెలిసేలా నడిపించింది. తలవంపూ భుజమూ గొంతూ వాడుకుంది.

1966లో కొలంబియా సంస్థకు ‘ది ట్రబుల్ విత్ ఏంజిల్స్’ తీసింది. కాన్వెంటు బడి, అల్లరి పిల్లలు, రోజలిండ్ రస్సెల్, హేలీ మిల్స్. దర్శకురాలిగా అదే చివరి సినిమా. టీవీ సంవత్సరాల్ని ఖాళీ అనుకోవద్దు గానీ, మరో నాలుగు ‘బిగమిస్ట్’లు రాకుండా పోయాయన్న బాధ మాకుంది. ఆమె 1995 ఆగస్టు 3న లాస్ ఏంజెలెస్‌లో మరణించింది.

ప్రశ్న: ‘ది హిచ్ హైకర్’ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికింది గానీ బొమ్మ మసకమసకగా ఉంది. పాత సినిమా కాబట్టి అంతేనా? ఏ వరసలో చూడాలి? (బెంగళూరు)

పాతదవడం కారణం కాదు. అమెరికాలో ఆ సినిమా కాపీహక్కు కిందికి రాదు. దాంతో ఎవరి దగ్గరున్న అరిగిన ప్రింటును వాళ్లు ఎక్కించేశారు, దాన్నుంచి మరొకరు, దాన్నుంచి ఇంకొకరు. కాపీ మారినప్పుడల్లా నల్లటి భాగాల్లో వివరం పోతుంది. ఇది చీకటి మీద నడిచే సినిమా, నష్టం ఇక్కడ రెట్టింపు. ‘ది బిగమిస్ట్’కూ ఇదే తిప్పలు.

పరీక్ష సులువు. హంతకుడు మొదటిసారి కారెక్కి వెనక సీట్లో కూర్చునే చోటికి వెళ్లండి. ముఖం వెలుగులోకి రాకముందు టోపీ అంచు, భుజం లీలగా తెలుస్తుంటే ఆ కాపీ చూడొచ్చు. అంతా ఒకే నల్ల ముద్దలా ఉంటే వదిలేయండి. నిడివి 71 నిమిషాలకు బాగా తక్కువున్నా వదిలేయండి. పునరుద్ధరించిన కాపీలు ఉన్నాయి. 2019లో కీనో లోర్బర్ సంస్థ ‘నాట్ వాంటెడ్’, ‘నెవర్ ఫియర్’, ‘ది హిచ్ హైకర్’, ‘ది బిగమిస్ట్’ నాలుగింటినీ కలిపి బ్లూరే సెట్టుగా తెచ్చింది.

వరస అంటే, మొదట ‘ది హిచ్ హైకర్’, వెంటనే ‘ది బిగమిస్ట్’. ఒకే ఏడాది, ఒకే నటుడు ఎడ్మండ్ ఓ’బ్రయన్. మొదటిదాంట్లో తుపాకీకి బందీ, రెండోదాంట్లో తన అబద్ధానికి. తర్వాత ‘అవుట్‌రేజ్’, ఆపైన ‘నెవర్ ఫియర్’. టెన్నిస్ క్రీడాకారిణి కూతుర్ని పిండుకునే తల్లి కథ ‘హార్డ్, ఫాస్ట్ అండ్ బ్యూటిఫుల్’ (1951) చివరికి ఉంచుకోండి, క్లెయిర్ ట్రెవర్ నటన కోసం. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు పెట్టుకోండి. ‘ది హిచ్ హైకర్’లో స్పానిష్ మాటలకు ఎవరైనా అనువాదం కలిపి ఉంటే మాత్రం మొదటిసారి చూసేటప్పుడు సబ్‌టైటిళ్లు ఆపేసి చూడండి.